బుల్లెట్‌కి లావు టైరు: అడ్డం వచ్చేది ఫోర్కు కాదు, చైను

పాత బుల్లెట్ 350 వెనక టైరు మీద 3.25-19 అని ఉంటుంది. వెడల్పు మూడుంపావు అంగుళాలు, అంటే 83 మిల్లీమీటర్లు. యమహా ఎఫ్‌జడ్ 2008లో వచ్చినప్పుడు వెనక 140 మి.మీ. టైరు వేసుకుని వచ్చింది. 153 సీసీ బండికి అంత టైరుంటే 346 సీసీ బండికి ఇంతేనా అని బుల్లెట్ వాళ్లలో అప్పుడు పట్టుకున్న గుబులు ఇంకా వదల్లేదు. వెనక చక్రం, దాంతోపాటు దాన్ని పట్టి ఉంచే వెనక ఫోర్కు, అంటే స్వింగ్‌ఆర్మ్, మార్చేసి 140, 150 టైరు ఎక్కించమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంజిను బలానికి లావు టైరు కావాలన్న మాట ముందు తేల్చుకుందాం. హోండా సీబీ 750 1969లో వచ్చింది. 67 బీహెచ్‌పీ. వెనక టైరు 4.00-18. కవాసాకి జెడ్1 1972లో వచ్చింది. 903 సీసీ, 82 బీహెచ్‌పీ, గంటకు 200 కి.మీ. దాటే బండి. దానికీ వెనక 4.00-18, అంటే 102 మి.మీ. మన కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇచ్చేది 18 బీహెచ్‌పీ. ఈ లెక్కన బలం పేరు చెప్పి 150 టైరు అడగడం కుదరదు. చూడ్డానికి బాగుంటుందని వేయించుకుంటున్నాను అంటే సరే, అందులో తప్పేమీ లేదు.

లావు టైరు రోడ్డును ఎక్కువ పట్టుకుంటుందన్నది రెండో నమ్మకం. బండి 170 కిలోలు, నడిపేవాడు 70 కిలోలు అనుకుంటే వెనక చక్రం మీద పడేది సుమారు 140 కిలోలు. టైరులో గాలి 28 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు. 140ని 2తో భాగిస్తే 70. టైరు సన్నదైనా లావుదైనా గాలి అంతే ఉంటే రోడ్డుకు ఆనే జాగా దగ్గర దగ్గర 70 చదరపు సెంటీమీటర్లే. సన్న టైరుకు అది పొడుగ్గా, లావు టైరుకు అడ్డంగా ఉంటుంది, అంతే. పట్టు నిజంగా పెరగాలంటే మంచి రబ్బరు టైరు, సరైన గాలి చూసుకోవాలి.

ఇక ఎత్తు లెక్క. 150/70-17 అన్న టైరులో 150 వెడల్పు, అందులో 70 శాతం, అంటే 105 మి.మీ., పక్క గోడ ఎత్తు. 17 అంగుళాల రిమ్ము 431.8 మి.మీ. దానికి రెండు గోడలు కలిపితే మొత్తం వ్యాసం 641.8. పాత 3.25-19కి ఇదే లెక్క వేస్తే, పాత సైజుల్లో గోడ ఎత్తు ఇంచుమించు వెడల్పంతే కాబట్టి, 647.7 వస్తుంది. తేడా 6 మి.మీ. పట్టించుకోనక్కర్లేదు.

పాత సామాన్ల దుకాణాల్లో తేలిగ్గా దొరికేది మాత్రం 140/60-17. దాని వ్యాసం 599.8. అక్కడ 48 మి.మీ. పోయింది. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఇదివరకటికన్నా 15 సెంటీమీటర్లు తక్కువ కదులుతుంది. 80లో వెళ్తుంటే ఇంజిను ఇంతకుముందు 86లో తిరిగినంత తిరుగుతుంది. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండిలో మీటరు తప్పు చూపదు కానీ, ఇంజిను చప్పుడు విన్నవాడికి తెలిసిపోతుంది. పైగా బండి వెనక 24 మి.మీ. కిందికి దిగుతుంది. రెండు చక్రాల మధ్య దూరం 1370 మి.మీ. కాబట్టి ముందు ఫోర్కు వాలు దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. డబుల్ స్టాండ్ వేయాలంటే బండిని ఇదివరకటికన్నా ఎక్కువ ఎత్తాలి. బుల్లెట్‌ని డబుల్ స్టాండ్ మీదికి లాగినవాళ్లకు ఆ 24 మి.మీ. ఎంతో వేరే చెప్పాలా!

అసలు చిక్కు చైను దగ్గర ఉంది. చక్రం మార్చాలనుకునేవాళ్లు స్కేలు పట్టుకుని స్వింగ్‌ఆర్మ్ రెండు కాళ్ల మధ్య జాగా కొలుస్తారు. అది చాలకపోతే వెడల్పు ఫోర్కు వేస్తే సరిపోతుందనుకుంటారు. కొలవాల్సింది చక్రం నడిమధ్య నుంచి చైను నడిమధ్యకు ఉన్న దూరం. టైరు వెడల్పులో సగం, మధ్యలో కనీసం 6 మి.మీ. ఖాళీ, చైను మందంలో సగం ఒక 9 మి.మీ., ఈ మూడూ కలిపితే వచ్చేది మీకు కావాల్సిన దూరం. 83 టైరుకు అది 56 మి.మీ.; 110కి 70, 120కి 75, 150కి 90. పాత టైరు నుంచి 150కి వెళ్లాలంటే చైనుకు దాదాపు 34 మి.మీ. అదనపు చోటు కావాలన్నమాట. చక్రం పక్క స్ప్రాకెట్‌ని స్పేసర్ పెట్టి ఎంతైనా బయటికి జరపొచ్చు. గేర్‌బాక్స్ పక్క దాన్ని ఎక్కడికి జరుపుతారు? పాత బుల్లెట్‌లో ఆ చిన్న స్ప్రాకెట్ క్లచ్ వెనక, ప్రైమరీ చైన్ కేసుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. బయటికి జరపడానికి అక్కడ చోటే లేదు.

స్ప్రాకెట్ బయటే ఉండే వేరే బండ్లలో లేత్ మీద ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ చేయించి వేస్తారు. దానికీ ఒక ధర ఉంది. మొదటి గేరులో గట్టిగా లాగినప్పుడు ఈ తరగతి బండి చైను మీద పడేది మూడు, నాలుగు వందల కిలోల లాగుడు. బేరింగ్‌కి 20 మి.మీ. దూరంలో ఉన్న స్ప్రాకెట్‌ని ఇంకో 15 మి.మీ. బయటికి తీస్తే షాఫ్ట్‌ని వంచే బలం 75 శాతం పెరుగుతుంది. బేరింగ్ వెంటనే పోదు. ఆయిల్ సీలు ముందు కారుతుంది.

వేరే బండి చక్రం మొత్తంగా తెచ్చి వేసేస్తే పోలా అంటారు. ఎఫ్‌జడ్ చైను 428 రకం, దాని లింకుకీ లింకుకీ మధ్య అర అంగుళం, 12.7 మి.మీ. బుల్లెట్ చైనులో అదే దూరం 15.875. ఆ చక్రం స్ప్రాకెట్ మీద ఈ చైను కూర్చోదు. ఇంకోటి చూడండి. పాత బుల్లెట్‌లో బ్రేకు డ్రమ్ము, 38 పళ్ల స్ప్రాకెట్ ఒకే ముక్క, రెండూ ఎడమ పక్కే. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే బండి అది. ఇప్పటి చక్రాల్లో డ్రమ్ము సాధారణంగా కుడి పక్క ఉంటుంది. పెడల్ ఒక పక్క, బ్రేకు ఇంకో పక్క. ఆ రాడ్డును అటు నుంచి ఇటు దాటించే పని మొదలైతే ఖర్చు టైరును ఎప్పుడో దాటిపోతుంది.

పాత హబ్బు ఉంచుకుని రిమ్ము ఒక్కటే మార్చడం కొంత మేలు. బుల్లెట్ హబ్బుకు 40 స్పోకులు, కాబట్టి రిమ్ముకూ 40 రంధ్రాలే ఉండాలి. 19 నుంచి 18కి దిగితే స్పోకు సుమారు 12.7 మి.మీ. పొట్టిది కావాలి. ఉన్నవాటినే కోసి థ్రెడ్ వేస్తామంటే ఒప్పుకోవద్దు, కొత్తవి తీసుకోండి. రిమ్ము వెడల్పు కూడా చూడాలి. పాతది 1.85 అంగుళాలు, అంటే 47 మి.మీ. 150 టైరుకు 3.5 నుంచి 4.5 అంగుళాల రిమ్ము కావాలి. సన్న రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుము ఉబ్బుతుంది. వంపు తిరిగేటప్పుడు బండి ఒకేసారి పక్కకు ఒరిగిపోయినట్టు ఉంటుంది.

స్వింగ్‌ఆర్మ్ సంగతికొస్తే, పివట్ దగ్గర వెడల్పు, లోపలి రాడ్డు మందం, బుష్‌లు, యాక్సిల్ దాకా పొడవు, షాక్ అబ్జార్బర్ బిగించే చోటు, ఇవన్నీ కుదరాలి. ఒకే షాక్ ఉన్న బండి ఆర్మ్ తెస్తే రెండు షాక్‌ల బుల్లెట్‌కి కొత్తగా లగ్గులు వెల్డ్ చేయాలి. ఇనుప ఆర్మ్ అయితే జిగ్‌లో బిగించి చేసే మంచి పనివాడు చాలు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దొరుకుతాడు. అల్యూమినియం అయితే నా మాట విని వదిలేయండి. 6061-టీ6 అల్యూమినియం వెల్డు పక్కన వేడికి తన బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయకపోతే ఆ బలం తిరిగి రాదు. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

పొడవు పెరిగినా లెక్క మారుతుంది. పివట్ నుంచి యాక్సిల్‌కి 500 మి.మీ. ఉన్నదాన్ని 550 చేసి, షాక్‌ని పాత చోటే ఉంచారనుకోండి. స్ప్రింగ్ అదే అయినా చక్రం దగ్గర దాని బిగువు 17 శాతం తగ్గుతుంది. వెనక మనిషి ఎక్కగానే మడ్‌గార్డు టైరుకు తగిలేది అందుకే. చైనుకు ఆరు లింకులు కలపాల్సి వస్తుంది.

అన్నీ బిగించాక ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. హ్యాండిల్ తిన్నగా పెట్టి, వెనక టైరు వెనక నుంచి రెండు పక్కలా దారం లాగి ముందు చక్రం దాకా పట్టండి. దారం వెనక టైరును ముందు, వెనక రెండు చోట్లా తాకుతూ ఉండాలి. వెనక 150, ముందు 83 ఉంటే ముందు టైరుకీ దారానికీ మధ్య రెండు పక్కలా 33, 34 మి.మీ. కనబడాలి. ఒక పక్క 24, ఇంకో పక్క 43 ఉంటే చక్రం దాదాపు 10 మి.మీ. పక్కకు ఉన్నట్టు. చైను తగలకుండా చేయడానికి చాలామంది చేసే దొంగపని ఇదే. చేతులు వదిలితే బండి ఒక వైపు లాగుతుంది. వానరోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు అది ఇంకా బాగా తెలుస్తుంది.

వంపుల్లో ఇంకో నష్టం ఉంది. టైరు లావయ్యేకొద్దీ, బండి వాల్చినప్పుడు నేలకు ఆనే బిందువు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. బరువు కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, 30 డిగ్రీలు వాల్చాల్సిన వంపులో 83 టైరుకు అదనంగా 2 డిగ్రీలు, 150కి 4 డిగ్రీలు వాల్చాలి. ఇది రెండు చక్రాలూ ఒకే లావైతే వచ్చే లెక్క. వెనకది ఒక్కటే లావైతే మధ్యలో ఎక్కడో 3 దగ్గర ఉంటుంది. అంతే వేగానికి, అంతే వంపుకు బండిని ఎక్కువ పడుకోబెట్టాలి, ఫుట్‌రెస్ట్ ముందే నేలకు గీసుకుంటుంది.

చట్టం గురించి రెండు ముక్కలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చక్రం ఒకటి, స్వింగ్‌ఆర్మ్ ఒకటి, మీరే లెక్కేసుకోండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ముందు చూసేది ఇవే. పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇన్ని లెక్కలూ చూశాక నా తీర్పు ఇది. పాత బుల్లెట్‌కి 110/90-18 దగ్గర ఆగండి. వ్యాసం 655, పాతదానికి 7 మి.మీ. తేడా. ఆ సైజు ఒకప్పుడు కంపెనీ క్లాసిక్ 350కి వేసిందే. రిమ్ము రెండున్నర అంగుళాలది, అసలు స్వింగ్‌ఆర్మే ఉంచండి, చైను పక్క 6 మి.మీ. ఖాళీ ఉందో లేదో కొలిచాకే డబ్బు తీయండి. అది కూడా పట్టకపోతే 3.50-19 వేసుకోండి. వెడల్పు 89, రిమ్ము సైజు మారదు, చైన్ కవర్ విప్పే పనీ ఉండదు.