ఆంతోలెస్టిస్ సింగ్యులేటస్

ఆంతోలెస్టిస్ సింగ్యులేటస్ ఉత్తర అమెరికాకు చెందిన ఒక పెంకుపురుగు. ఇది స్టాఫిలినిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో 60,000కు పైగా జాతులు ఉన్నాయి. పొట్టి రెక్కల పెంకులు, వాటి వెనుక బయటకు కనిపించే పొడవైన ఉదరం ఈ కుటుంబపు సామాన్య లక్షణాలు. ఉదరం చివర బంగారు రంగులో మెరిసే నూగు ఈ జాతి ప్రత్యేకత.

వర్గీకరణ

జర్మనీకి చెందిన కీటక శాస్త్రవేత్త గ్రావెన్‌హార్స్ట్ 1802లో ఈ జాతిని స్టాఫిలినస్ సింగ్యులేటస్ అను పేరుతో వర్ణించాడు. ఇప్పుడు వేరు వేరు ప్రజాతులుగా పరిగణించే అనేక పురుగులు ఆ కాలంలో స్టాఫిలినస్ ప్రజాతిలోనే చేర్చబడి ఉండేవి. 1895లో గాంగల్‌బౌర్ ఆంతోలెస్టిస్ ప్రజాతిని ఏర్పరచాడు. ఈ జాతిని తరువాత అందులో చేర్చారు.

ప్రజాతి మారినప్పటికీ జాతి నామం మారలేదు. లాటిన్ భాషలో సింగ్యులేటస్ అనగా నడికట్టు కలది అని అర్థం. శాస్త్రీయ నామం తరువాత గ్రావెన్‌హార్స్ట్ పేరును, 1802 సంవత్సరాన్ని కుండలీకరణాలలో వ్రాస్తారు. జాతిని మొదట వేరొక ప్రజాతిలో వర్ణించారని ఈ కుండలీకరణాలు తెలుపుతాయి.

గుర్తింపు

దీని పొడవు సుమారు 13 నుండి 20 మిల్లీమీటర్లు. శరీరమంతటా గోధుమ, నలుపు రంగుల నూగు మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కళ్ళు పెద్దవి. పురుగు కదిలేటప్పుడు తరచుగా ఉదరం చివరను పైకి ఎత్తుతుంది. అప్పుడు బంగారు రంగు స్పష్టంగా కనిపిస్తుంది.

పోలికగల జాతులు

* క్రియోఫిలస్ మాక్సిల్లోసస్: ఇది కూడా కళేబరాల వద్దనే ఉంటుంది. దీని తల, ఉరము పైభాగం నున్నగా, నల్లగా మెరుస్తాయి. రెక్కల పెంకుల మీద, ఉదరం మీద బూడిద రంగు నూగు పట్టీలు ఉంటాయి.
* ప్లాటిడ్రాకస్ ప్రజాతి: వీటిలో కొన్ని జాతులకు కూడా మచ్చల నూగు ఉంటుంది. కాని తల పరిమాణంతో పోల్చినపుడు వీటి కళ్ళు చిన్నవి.
* ఆంతోలెస్టిస్ మురైనస్: ఇది ఐరోపా, ఆసియాలకు చెందినది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు వలస చేరింది. దీని ఉదరం చివర బంగారు పట్టీ ఉండదు.

పాత నమూనాలలో నూగు రాలిపోవచ్చు, లేదా జిడ్డుపట్టి రంగు కోల్పోవచ్చు. అందువలన రంగు ఒక్కదానినే ఆధారంగా తీసుకోక కళ్ళ పరిమాణాన్ని, తల ఉపరితలాన్ని కూడా పరిశీలించవలెను. మెక్సికోకు ఉత్తరాన ఈ ప్రజాతికి చెందిన స్థానిక జాతి ఇదొక్కటే. కనుక న్యూఫౌండ్‌లాండ్ వెలుపల ప్రజాతిని సరిగా నిర్ధారించగలిగితే సాధారణంగా జాతి కూడా తెలిసినట్లే.

జీవన విధానం

ఈ పురుగులు పేడ, కళేబరాలు, కుళ్ళుతున్న పుట్టగొడుగుల వద్దకు చేరతాయి. అయితే వీటికి ఆహారం ఆ కుళ్ళు పదార్థం కాదు. అక్కడికి వచ్చే ఈగలను, వాటి డింభకాలను వేటాడి తింటాయి. సంపర్కం తరువాత ఆడ పురుగు గుడ్లు పెట్టే సమయంలో మగ పురుగు దగ్గరలోనే ఉండి, ఇతర మగ పురుగులను తరిమివేస్తుంది.