స్వాతి కార్తెలో రామములగ

టమాటాకు తెలుగులో రామములగ అనే చక్కని పేరు వుంది. ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న నాకు ఆ పేరు తెలుసును గాని, ఆ మొక్క గుణం మాత్రం తెలియదు. తెలుసుకోవడానికి ఒక వేసవి పట్టింది.

ఖమ్మం జిల్లా పొలిమేరలోని మా తిరువూరు ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మామిడికి ఆ ఎండలే భాగ్యం. ఆ ధీమాతోనే కిందటేడు ఫాల్గుణంలో పెరట్లో ఇరవై టమాటా మొక్కలు నాటాను. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు మా ఆవిడ వట్టి చింతపండు చారుతోనే నెట్టుకొచ్చింది. ఇక ఆ అవస్థ వుండదని ఆవిడకు మాట కూడా ఇచ్చాను.

మొక్కలు ఏపుగా పెరిగాయి. పసుపుపచ్చని పూలు గుత్తులుగా పూశాయి. మర్నాడు చూస్తే అన్నీ నేలమీదే! ఎరువు వేశాను, నీళ్ళు పెంచాను, చివరకు విత్తనాలమ్మిన ఆయనను నలుగురిలో దులిపేశాను. రోహిణి కార్తెకు మొక్కలన్నీ మాడిపోయాయి. వంటింటికి చేరినవి మూడే మూడు కాయలు.

తద్దినం వంటలో టమాటాను చేరనివ్వని మా అమ్మ ఆ మూడింటినీ చూసి, "కాలం కాని కాలంలో నాటి గింజను తిడితే ఏం లాభం నాయనా?" అన్నది.

పుస్తకాలు తిరగేస్తే శాస్త్రం కూడా అదే చెప్పింది. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతం. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి, పూత పిందె కట్టకుండానే రాలిపోతుంది.

పొట్లంలో కొన్ని పాత గింజలు మిగిలాయి. సెప్టెంబరు చివర, హస్త కార్తెలో వాటినే నారు పోశాను. నెల తిరక్కుండా నాలుగైదు ఆకులు వేశాయి. స్వాతి కార్తెలో, ఎండ తగ్గిన సాయంకాలం నాటాము. ముందుగా నారుమడి తడిపితే వేళ్ళు తెగవు. మొక్కకూ మొక్కకూ రెండడుగుల ఎడం వుండాలి. కాడను కింది ఆకుల దాకా మట్టిలోకి దించాలి. మునిగిన కాడకు కూడా వేళ్ళు పుడతాయి. నిరుడు వంగ, మిరప వేసిన చోట నాటరాదు. అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్ళూ ఉమ్మడే. ఆకులు ముడుచుకుపోయిన మొక్కను మొహమాటం లేకుండా పీకేయాలి. లేకపోతే తెల్లదోమ ఆ తెగులును మిగతావాటికి మోసుకుపోతుంది. మొక్క ఎదిగాక కర్ర పాతి కట్టాలి.

సంక్రాంతికి కాయలు ఎర్రబడ్డాయి. మొదటి బుట్ట వంటింటికి వెళ్ళింది. రెండవ బుట్ట పట్టుకొని విత్తనాల దుకాణానికి వెళ్ళాను.

"ఇవి నిరుడు మీరిచ్చిన గింజలే. పొరపాటు నాది," అన్నాను.

ఆయన ఒక కాయ తీసి చూసి నవ్వాడు. "వేసవికి బెండ గింజలు పట్టుకెళ్ళండి మాస్టారూ, మన ఎండకు అది నిలుస్తుంది," అన్నాడు.

ఈసారి ఎదురు చెప్పకుండా తెచ్చుకున్నాను.