ఒకే గది, ఐదు తరగతులు, ఒక్క టీచరు

ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకటో తరగతి పిల్లవాడూ ఐదో తరగతి అమ్మాయీ ఒకే గదిలో కూర్చుంటారు. ఒకరి చేత అక్షరాలు దిద్దించాలి, ఇంకొకరికి గుణింతాలు చెప్పాలి, మరొకరికి భాగహారం నేర్పాలి. అన్నీ చేయాల్సింది ఒక్కరే. ఇలాంటి బడులు ఎప్పుడో పోయాయనుకుంటే పొరపాటు. కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల్లో దేశంలో లక్షకు పైగా పాఠశాలలు ఒక్క టీచరుతోనే నడుస్తున్నాయి. వాటిలో 12 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

అలాంటి గదిలో టీచరు ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతావాళ్లకు ‘చూసి రాయండి’ అన్న పని పడుతుంది. ఎక్కాలు వల్లె వేయడం, పాఠం ఎత్తి రాయడం, లేదంటే చేతులు కట్టుకుని కూర్చోవడం. రోజును ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి టీచరు దొరికేది గంట, మహా అయితే గంటంపావు. మిగతా పొద్దంతా వృథా. పైగా పక్క పిల్లతో మాట్లాడితే అల్లరి కింద జమ. గదిలో ముప్పై మంది ఉన్నా ఎవరికి వారే ఒంటరిగా చదువుకుంటున్నట్టు ఉంటుంది. ప్రాథమిక బడిలో చదువు ఎక్కడ కుంటుపడుతోందని వెతికితే చాలాసార్లు కనిపించేది ఇదే: పిల్లలకు పిల్లలు దక్కడం లేదు.

పాత వీధిబడిలోనూ పంతులు ఒక్కరే. అరుగు మీదో, గుడి మంటపంలోనో రకరకాల వయసుల పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతుంటే, ముందున్నవాళ్లు వెనకున్నవాళ్ల చేత దిద్దించేవారు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో బడుల లెక్క తీయించినప్పుడు, బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఈ సంగతి రాశాడు. ఆ జిల్లాలో ఆయన లెక్కించిన 533 బడుల్లో 226 తెలుగు బడులు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెబుతూ తమ చదువునూ గట్టి చేసుకునే తీరు ఆయనకు బాగా నచ్చింది. ఇంగ్లండు దీన్ని అనుసరించడం సబబేనన్నాడు. అప్పటికే ఆండ్రూ బెల్ అనే క్రైస్తవ మతాచార్యుడు మద్రాసులోని ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమంలో ఇదే పద్ధతి అమలు చేసి, 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. అది అక్కడ మద్రాసు పద్ధతి అన్న పేరుతో పాకింది. వీధిబడిని నెత్తికెత్తుకోవాల్సిన పని మాత్రం లేదు. పిల్లలను తాడుకు వేలాడదీసే కోదండం, బెత్తం దెబ్బలు అక్కడ మామూలు. చాలాచోట్ల దళితుల పిల్లలను ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు, ఆడపిల్లలు దాదాపు లేరు. దాని నుంచి తీసుకోదగ్గది ఒక్కటే: పిల్లలు పిల్లలకు నేర్పగలరు.

ఆ ఒక్కదాన్ని పట్టుకుని, దెబ్బలూ వివక్షా లేని తరగతి గదిని కట్టిన ప్రయత్నం మన మదనపల్లె దగ్గరే జరిగింది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ విద్యాకేంద్రం తన చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు తెరిచింది. ఒక్కో బడికి ఒక్క టీచరు. ఆ బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి కొన్నేళ్లపాటు ఊరి టీచర్లతో కూర్చుని ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని చూసుకునే విభాగానికి రివర్ అని పేరు.

అక్కడ పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులుగా మార్చారు. ఏ కార్డు తర్వాత ఏది చేయాలో చూపే పెద్ద పట్టిక గోడకు ఉంటుంది. దాన్ని నిచ్చెన అంటారు. కొన్ని కార్డులు కలిస్తే ఒక మైలురాయి. కార్డు ఎలాంటిదో చదవడం రాని పిల్లలకు కూడా తెలిసేలా దాని మీద జంతువు బొమ్మో పక్షి బొమ్మో వేస్తారు. పిల్లలు తరగతుల వారీగా కాకుండా, చేస్తున్న పని బట్టి గుంపులుగా కూర్చుంటారు. కొత్త విషయం మొదలుపెట్టేవాళ్లు టీచరు దగ్గర. కొంచెం పట్టుబడ్డవాళ్లకు టీచరు అప్పుడప్పుడు వచ్చి చూస్తే చాలు. ఇంకో గుంపు తోటిపిల్లల సాయంతో చేసుకుంటుంది. మిగిలినవాళ్లు ఎవరికి వారే.

రెండంకెల తీసివేత దగ్గరున్న ఒక పాప ఉదయాన్నే ఏం చేస్తుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నిచ్చెన దగ్గరికెళ్లి తన మెట్టు వెతుక్కుంటుంది. ఆ బొమ్మ ఉన్న కార్డును అరలోంచి తీసుకుని, అది చెప్పే గుంపులోకి వెళ్లి కూర్చుంటుంది. మొదటి రోజు టీచరు పదేసి చీపురుపుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు ముందు పెడతారు. నలభై రెండులోంచి పదిహేడు తీయాలి. మర్నాడు అదే పని తనకంటే రెండు మెట్లు పైనున్న పిల్లతో కలిసి చేస్తుంది. “అక్కా, రెండులో ఏడు ఎట్ల పోతాది?” అని అడిగితే, “ఒక కట్ట విప్పి చూడు” అని ఆ పెద్దపిల్ల అంటుంది. ఆ తర్వాత పుల్లలు లేకుండా పలక మీద ఒక్కతే చేస్తుంది. చివర్లో పరీక్ష కార్డు ఉంటుంది. తప్పులొస్తే వాటిని సరిచేసే వేరే కార్డులున్నాయి; సరిగా వస్తే పై మెట్టు. పరీక్ష అన్న భయం ఎక్కడా ఉండదు, ఎందుకంటే అందరికీ ఒకే రోజు పరీక్ష జరగదు, మార్కులు పైకి చదవరు.

వేరుశనగ కాయలు కోసే రోజుల్లోనో, ఇంట్లో చంటిపిల్లను ఆడించాల్సి వచ్చో పది రోజులు బడి మానేసిన పిల్లలకు ఈ పద్ధతి చేసే మేలు అంతా ఇంతా కాదు. మామూలు తరగతిలో ఆ పది రోజుల పాఠాలు పోయినట్టే. తిరిగొచ్చిన పిల్ల ఏమీ అర్థంకాక, అడగడానికి మొహం చెల్లక మెల్లగా బడికే దూరమవుతుంది. ఇక్కడ తన కార్డు తన కోసం ఆగి ఉంటుంది. వదిలిన చోటే మొదలుపెడుతుంది. పల్లె బడుల్లో చదువు మానేసే పిల్లల గురించి పట్టించుకునేవాళ్లంతా ముందు గమనించాల్సింది దీన్నే.

పిల్లలు పిల్లలకు నేర్పడం దానంతటది జరిగిపోదు. జవాబు చెప్పేయడమే సాయమని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అంతే. పైన చెప్పిన పాపకు ‘ఇరవై ఐదు’ అని చెప్పేస్తే పని అయిపోయేది, తీసివేత మాత్రం వచ్చేది కాదు. అడిగినవాళ్ల పలక లాక్కోకుండా, నవ్వకుండా, దారి మాత్రం చూపడం ఎలాగో టీచరు చేసి చూపించాలి, అదీ చాలా రోజులు. ఈ రోజు ఒకరి తోడుతో చేయగలిగింది రేపు పిల్లలు సొంతంగా చేయగలరని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1930ల్లోనే చెప్పాడు. ఆ తోడు మంచిదై ఉండాలన్నదే టీచరు చూసుకోవాల్సిన విషయం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎప్పుడూ ఒకరిద్దరే చెప్పేవాళ్లు, మిగతావాళ్లు చెప్పించుకునేవాళ్లు అయితే గదిలో మళ్లీ ఎక్కువ తక్కువలు తయారవుతాయి. నిచ్చెన ఒక్కో సబ్జెక్టుకు వేరుగా ఉండడం ఇక్కడ అక్కరకొస్తుంది. లెక్కల్లో కింది మెట్టు మీదున్న పిల్లవాడు తెలుగులో పైనుండవచ్చు. పొద్దున సాయం అడిగినవాడే మధ్యాహ్నం సాయం చేస్తాడు. తరగతి గదిలో ఒకరి మీద ఒకరికి నమ్మకం, గౌరవం పుట్టేది ఈ ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే. నీతి పాఠాలు ఎన్ని చెప్పినా ఇంత పని జరగదు.

గది అందరిదీ అనిపించే చిన్న చిన్న పనులు దీనికి తోడవుతాయి. హాజరు పట్టీలో ఎవరి గుర్తు వారే పెట్టుకోవడం, ఎండో మబ్బో చూసి వాతావరణ పట్టికలో రాయడం, మొక్కలకు నీళ్లు పోయడం, కార్డులు సర్దిపెట్టడం. పిల్లల ఎత్తుకు తగ్గట్టు గోడ కింది భాగంలో నల్లబల్ల ఉంటే ప్రతి ఒక్కరికీ రాసుకోవడానికి సొంత చోటు దొరుకుతుంది. ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే చిన్న పిల్లల పక్కన ఆ భాషా తెలుగూ రెండూ వచ్చిన పిల్లలను కూర్చోబెడితే మొదటి నెలల బెరుకు తీరుతుంది. మధ్యాహ్న భోజనం బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో టీచరు కళ్లు తెరిచి చూడాలి. ఊళ్లోని కులం గీతలు ముందుగా బయటపడేది అక్కడే. వడ్డించే పని పిల్లల మధ్య తిప్పి, కూర్చునే వరసలు మార్చడం టీచరు చేతిలో పని.

ఈ పద్ధతి బయటికీ వెళ్లింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు రిషి వ్యాలీకి వచ్చి చూసి వెళ్లాక కర్ణాటకలో ‘నలి కలి’ మొదలైంది. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో అడుగుపెట్టి, 2007-08కల్లా రాష్ట్రమంతటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకూ చేరింది. వేల బడులకు చేరినప్పుడు ఏం జారిపోతుందో కూడా తెలుసుకోవాలి. కార్డులు అచ్చువేసి పంపడం సులువు. టీచరుకు రెండు మూడు రోజుల శిక్షణతో సరిపెట్టి, చిరిగిన కార్డుల స్థానంలో కొత్తవి ఇవ్వకుండా, తనిఖీకి వచ్చిన అధికారి ‘ఎన్ని మెట్లు అయ్యాయి’ అని మాత్రమే అడిగితే, పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడం మాని మెట్లెక్కే పందెంలో పడతారు. అప్పుడు మిగిలేది కాగితం ముక్కలే.

తల్లిదండ్రుల అనుమానం ఇంకోటి: నోటుబుక్కులో ఏమీ రాయడం లేదు, బడిలో ఆడుకుంటున్నారు. ఆ మాటను కొట్టిపారేయడం తప్పు. రిషి వ్యాలీ బడులు దీనికి ఊరి ముందే జవాబు చెప్పాయి. మెట్రిక్ మేళా పేరుతో పిల్లలే ఊళ్లో అంగళ్లు పెట్టి, వచ్చినవాళ్ల ఎత్తు, బరువు కొలిచి చెబుతారు. కూతురు తల్లి బరువు తూచి కాగితం మీద రాసిస్తే, పిల్లకు లెక్కలు వచ్చాయో లేదో ఆ తల్లికి తెలిసిపోతుంది.

ఇంత చేసినా ఈ పద్ధతి రెండో టీచరుకు బదులు కాదు. ఒక్కరే ఉన్న బడిలో ఆ ఒక్కరికి జ్వరమొస్తే బడికి తాళం పడుతుంది. రిజిస్టర్లు, సమావేశాలు, భోజన పథకం లెక్కలు అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ ఆ చట్టమే చెప్పింది. తమ ఊరి బడికి రెండో టీచరు కావాలని ఆ కమిటీ తీర్మానం చేసి పంపవచ్చు. ఒక్క టీచరుతో బడి నడుస్తున్న ప్రతి ఊళ్లోనూ తల్లిదండ్రులు ఈ ఏడాదే ఆ పని చేయాలి.