బల్ల యెత్తు, బిడ్డ యెత్తు

రవికె కొలత తప్పిన దర్జీని మనము క్షమింపము. బిడ్డ చెప్పు ఒక వ్రేలు బిగువైనను దుకాణమునకు తిరిగి పోవుదుము. అట్టి మనము, బిడ్డ గంటలకొలది కూర్చుండి వ్రాయు బల్లను మాత్రము కొలత చూడకయే కొనుచున్నాము. ఇది పరుల తప్పు కాదు, నా తప్పే చెప్పుకొనుచున్నాను.

మా పెద్దవాడు పదవ తరగతికి వచ్చినపుడు అబిడ్సులో వానికొక మంచి రాతబల్ల కొంటిమి. అయిదవ తరగతి చదువు అమ్మాయికి భోజనపు బల్ల చాలుననుకొంటిమి. ఆడపిల్ల గదా యని నోటితో ననలేదు గాని, మనసులో నామాట లేకుండెనని ప్రమాణము చేయజాలను. కొన్ని నెలలకు పిల్ల కుడిభుజము చెవి నంటునట్లెత్తి వ్రాయుట చూచితిని. రాత్రులు మెడనొప్పి యని యేడ్చుచుండెను. వైద్యురాలు చక్కగా పరీక్షించి, మందేమియు వ్రాయక, “ఇంట్లో ఏ బల్ల మీద రాస్తుంది?” అని యడిగెను.

నాటి రాత్రియే టేపు తీసికొని కొలిచితిని. భోజనపు బల్ల యెత్తు 75 సెంటీమీటర్లు. పిల్ల పొడవు 140. యూరోపు దేశముల పాఠశాలా ప్రమాణములలో, 133 మొదలు 159 సెంటీమీటర్ల వరకు పొడవు గల పిల్లలకు బల్ల 64, కుర్చీ 38 సెంటీమీటర్ల యెత్తుండవలెనని యున్నది. అనగా మా పిల్ల నాలుగంగుళములకు పైగా యెత్తయిన గట్టుపై చేయి వైచి వ్రాయుచుండెనన్న మాట!

ఈ లెక్కలు లేకున్నను గుర్తు సులభమే. కూర్చుండినపుడు పాదములు రెండును నేలపై పూర్తిగా నానవలెను. భుజములు జారవిడిచి మోచేయి మడచినచో, ఆ మోచేతి యెత్తునకే బల్ల రావలెను. పాదములు వ్రేలాడినచో క్రింద నొక పీట వేసినను చాలును. కుడిచేత వ్రాయు బిడ్డకు వెలుతురు ఎడమ ప్రక్కనుండి రావలెను. ఎడమచేతివాటము బిడ్డకు కుడి ప్రక్కనుండి.

ఈ విచారము నేటిది కాదు. 1867లో బ్రెస్లౌ నగర వైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది విద్యార్థుల కన్నులు పరీక్షించి, పైతరగతులకు పోయినకొలది హ్రస్వదృష్టి హెచ్చుచున్నదని ప్రకటించెను. చాలని వెలుతురును, పొందిక లేని బల్లలును ఆయన తప్పుపట్టెను. నేటి పరిశోధకులు బల్లపై నంత నేరము మోపరు. ఆరుబయట గడపు కాలము తగ్గుటయే ముఖ్యమందురు. అయినను వంగిన మెడ వంగినదే గదా!

నేను బడికి పోలేదు. మా తాతగారి యొద్ద అమరము, రఘువంశము, భాగవతము వ్యాసపీఠము ముందు బాసిపట్టు వేసికొని చదివితిని. గ్రంథము వాలుగా నిలిచి కంటి కెదురుగ వచ్చునే గాని, మెడ గ్రంథమును వెదకికొని పోనక్కరలేదు. సిరాబుడ్డి గుంట గల పాతకాలపు బడి డెస్కులకును ఈ వాలుండెను. ఇపు డెక్కడ చూచినను చదును పలకలే. డెన్మార్కు శస్త్రవైద్యుడు మాండల్ 1970ల నుండి వాలుబల్లయే మేలని వాదించినాడని తెలిసినపుడు, తాతగారి పీఠమే నాకు కన్నులకు గట్టెను.

మా వారు ఉపాధ్యాయులు. 2022లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన ‘మన ఊరు - మన బడి’ 12 అంశములలో బడిపిల్లల బల్లలును ఒకటి. నేలపై కూర్చుండిన పిల్లలకు ఇద్దరిద్దరు కూర్చుండు డెస్కులు వచ్చుట చిన్న మేలు కాదు. కాని ఆరవ తరగతి బుడుతడును, మీసము వచ్చిన పదవ తరగతివాడును ఒకే యెత్తు డెస్కున కూర్చున్నచో, ఎవరో యొకరు దానికి తగినట్లు తమ్ము మడచికొనక తప్పదని వారి మాట.

జనవరిలో నుమాయిష్‌కు పోతిమి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుండి నాంపల్లి మైదానమున జరుగు ప్రదర్శనము గదా, దొరకని వస్తువుండునా యనుకొంటిని. చెక్కిన తామరలతో సహారన్‌పూర్ బల్లలు కన్నులపండువుగా నుండెను. టేపు పెట్టి చూడగా అన్నియు పెద్దవారి యెత్తే! నేను ప్రతి బల్ల క్రిందను వంగి కొలుచుచుండ దుకాణదారులు నవ్విరి.

తుదకు నాంపల్లి సందులో నొక ముసలి వడ్రంగి దొరికెను. నేను కొలతలు చదువబోగా, “పిల్లను తోల్కరాకుంట బల్ల కొలత ఎట్ల చెప్తవమ్మా?” అనెను. నాకు సిగ్గైనది. మరునాడు పిల్లను కొనిపోతిని. ఆయన దానిని చెక్కదిమ్మెపై కూర్చుండబెట్టి, మడమ నుండి మోకాలి వరకు, కూర్చున్న చోటు నుండి మోచేతి వరకు దారముతో కొలిచి ముడులు వేసెను. నాలుగు కాళ్లకును జోడుపట్టెలు, వానికి మూడేసి రంధ్రములు, మరలు. పిల్ల పెరిగినకొలది బల్లను పైకెత్తవచ్చును. పలకకు బందులు వేసి వాలు పెట్టెను. పుస్తకము జారకుండ అంచున సన్నని పట్టె. ఇంతయు అబిడ్సు బల్ల వెలలో సగమునకే!

బల్ల యింటికి వచ్చి రెండు మాసములైనది. మెడనొప్పి మాట పిల్ల యెత్తుట లేదు. మొన్న పెద్దవాడు నన్ను పిలిచి తన బల్ల ముందు కూర్చుండి చూపెను: మోకాళ్లు సొరుగునకు తగులుచున్నవి. అంత వెల పోసి కొన్న నాడు వానికిని కొలత చూడనే లేదు! ఈ ఆదివారము వానిని వెంటబెట్టుకొని ఆ సందునకు పోవలెను.