క్రిప్టో ట్రేడింగ్: ఫోన్ యాప్‌లో చేయాలా, ల్యాప్‌టాప్‌లోనా?

క్రిప్టో గురించి ఫ్రెండ్స్ అడిగే మొదటి ప్రశ్న "ఏ కాయిన్ కొనాలి?" రెండోది "ఏ యాప్ బాగుంటుంది?" ఈ రెండో ప్రశ్నలోనే ఒక విషయం ముందే డిసైడ్ అయిపోయింది, గమనించారా? ట్రేడింగ్ అంటే ఫోన్‌లోనే అని. అదే ఎక్స్‌ఛేంజ్‌కి వెబ్‌సైట్ కూడా ఉంటుందని, అక్కడ స్క్రీన్ వేరేలా ఉంటుందని, రిస్క్ కూడా వేరేలా ఉంటుందని చాలామంది ఆలోచించరు.

ముందే ఒక మాట. ఇది కాయిన్లు కొనమని చెప్పే ఆర్టికల్ కాదు. ఇప్పటికే కొంటున్నవాళ్లు, లేదా కొనాలని నిర్ణయించుకున్నవాళ్లు ఏ పని ఏ డివైస్‌లో చేస్తే డబ్బు భద్రంగా ఉంటుందో చూద్దాం.

స్పీడ్ గురించి మర్చిపోండి

"యాప్ ఫాస్ట్ కదా?" అని చాలామంది అంటారు. ఓపెన్ అవడంలో ఫాస్టే. వేలిముద్ర పెడితే రెండు సెకన్లలో లోపలికి వెళ్లిపోతాం. కానీ ఆర్డర్ నొక్కిన తర్వాత జరిగేది ఎక్కడైనా ఒకటే. యాప్ నుంచి వెళ్లినా, బ్రౌజర్ నుంచి వెళ్లినా మీ ఆర్డర్ చేరేది అదే సర్వర్‌కి, అదే మ్యాచింగ్ ఇంజిన్‌కి. అది ముందు ధర చూస్తుంది, ధర సమానమైతే ఎవరు ముందొచ్చారో చూస్తుంది. ఏ డివైస్ నుంచి వచ్చిందో దానికి అనవసరం. 5జీలో అర సెకను ముందు చేరినంత మాత్రాన మనలాంటి చిన్న ట్రేడర్లకు ఒరిగేదేమీ లేదు.

అసలు తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, బటన్ నొక్కే ముందు స్క్రీన్ మీకు ఏం చూపిస్తోంది. రెండు, మీ అకౌంట్ తాళంచెవులు ఎక్కడెక్కడ ఉన్నాయి.

ఆరంగుళాల స్క్రీన్‌లో కనపడనిది

చాలా యాప్‌లలో హోమ్ స్క్రీన్ మీద పెద్దగా "బై" అని ఉంటుంది. నొక్కి, అమౌంట్ కొట్టి, స్వైప్ చేస్తే అయిపోయింది. స్విగ్గీలో బిర్యానీ ఆర్డర్ చేసినంత ఈజీ. అయితే ఇలాంటి ఇన్‌స్టంట్ కొనుగోలులో ఎక్స్‌ఛేంజ్ చూపించే ధరలోనే చాలాసార్లు వాళ్ల మార్జిన్ కలిసి ఉంటుంది. "ఫీజు సున్నా" అని రాసి ఉన్నా సరే, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా ఎంతో ఒకసారి చూసుకోండి.

ఆర్డర్ బుక్ అనేది ఆ స్క్రీన్‌కి రెండు మూడు ట్యాప్‌ల లోపల ఉంటుంది. వెబ్‌లో అయితే చార్ట్, ఆర్డర్ బుక్, ఆర్డర్ ఫామ్ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. దీని వల్ల ఏమవుతుందో ఒక లెక్కతో చూద్దాం.

ఒక చిన్న కాయిన్ అనుకుందాం. అమ్మేవాళ్ల వరుస ఇలా ఉంది: రూ.100కి 50 కాయిన్లు, రూ.101కి 50, రూ.103కి 100. యాప్‌లో మీకు కనిపించే ధర రూ.100. మీరు 150 కాయిన్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టారు. మొదటి 50కి రూ.5,000, తర్వాతి 50కి రూ.5,050, చివరి 50కి రూ.5,150. మొత్తం రూ.15,200. అంటే ఒక్కో కాయిన్ సగటున రూ.101.33 పడింది. ధర కదలకుండానే రూ.200 పోయింది.

బిట్‌కాయిన్ లాంటి పెద్ద కాయిన్లలో ఈ తేడా పెద్దగా కనపడదు. రూపాయల్లో ట్రేడ్ అయ్యే చిన్న కాయిన్లలో బుక్ పల్చగా ఉంటుంది కాబట్టి బాగా తగులుతుంది. లిమిట్ ఆర్డర్ పెడితే ఈ సమస్య ఉండదు. వెబ్‌లో ఆ వరుస కళ్ల ముందే ఉంటుంది కాబట్టి లిమిట్ పెట్టాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది.

ప్రతి ట్యాప్‌కీ ఒక ధర ఉంది

యాప్ ఇంకో పని కూడా చేస్తుంది. మనల్ని పిలుస్తూనే ఉంటుంది. "ఈ కాయిన్ 8% పెరిగింది" అని నోటిఫికేషన్ వస్తుంది. మెట్రోలో నిలబడి ఉంటాం, అమీర్‌పేటలో రైలు మారే లోపు ఒకటి అమ్మేసి ఇంకోటి కొనేస్తాం. ఇది కేవలం చెడు అలవాటు కాదు. మన దేశంలో దీనికి లెక్క కూడా ఉంది.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30% పన్ను, దాని మీద సెస్ ఉంది. అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1% టీడీఎస్ కట్ అవుతోంది. లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అని టీడీఎస్ చూడదు. ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకున్నా అది అమ్మకం కిందే లెక్క.

రూ.10,000తో మొదలుపెట్టి, ధర అస్సలు మారలేదనుకుని, 10 సార్లు కొని అమ్మారనుకోండి. ప్రతిసారీ 1% పోతే చివరికి చేతిలో మిగిలేది సుమారు రూ.9,044. ఎక్స్‌ఛేంజ్ ఫీజు, ఆ ఫీజు మీద 18% జీఎస్టీ దీనికి అదనం. టీడీఎస్‌ని రిటర్న్ ఫైల్ చేసేటప్పుడు క్లెయిమ్ చేసుకోవచ్చు, నిజమే. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

ఇంకో దెబ్బ ఏంటంటే, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. ఒకదాంట్లో రూ.10,000 లాభం, ఇంకోదాంట్లో రూ.10,000 నష్టం వస్తే మీ జేబు లెక్క సున్నా. పన్ను మాత్రం సెస్‌తో కలిపి రూ.3,120. ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం కూడా కుదరదు.

అందుకే ట్రేడ్ చేయాలంటే ల్యాప్‌టాప్ తెరిచి, లాగిన్ అయి, ఓటీపీ కొట్టాల్సి రావడం అనే ఆ చిన్న ఇబ్బంది మంచిదే అంటాను. ఆ రెండు నిమిషాల్లో సగం ట్రేడ్‌లు "వద్దులే" అనిపిస్తాయి. రిటర్న్‌లో కూడా వెబ్ ఉపయోగపడుతుంది. ప్రతి అమ్మకానికీ ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు అమ్మారు, ఎంతకి అనేది చూపించాలి. ట్రేడ్ హిస్టరీని సీఎస్‌వీ ఫైల్‌గా దించుకుని ఎక్సెల్‌లో చూసుకోవడం పెద్ద స్క్రీన్‌లోనే సుఖం.

ఫోన్ సెక్యూరిటీ: గోడ గట్టిదే, కానీ అన్నీ ఒకే గదిలో

ఇప్పటిదాకా వెబ్‌దే పైచేయి అనిపించింది కదా. సెక్యూరిటీలో కథ మారుతుంది.

డిజైన్ పరంగా చూస్తే ఫోనే గట్టిది. ఆండ్రాయిడ్‌లో, ఐఓఎస్‌లో ప్రతి యాప్‌కీ సొంత శాండ్‌బాక్స్ ఉంటుంది. ఒక యాప్ డేటాని ఇంకో యాప్ నేరుగా చదవలేదు. వేలిముద్ర వివరాలు ప్రత్యేకమైన సురక్షిత భాగంలో ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌కి ఇంత కట్టడి ఉండదు.

సమస్య ఏంటంటే మనం అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే పెడతాం. ఎక్స్‌ఛేంజ్ యాప్ అక్కడే, ఎస్ఎంఎస్ ఓటీపీ అక్కడే, మెయిల్ అక్కడే, అథెంటికేటర్ కూడా అక్కడే. టూ ఫ్యాక్టర్ అని పేరే గానీ, రెండు తాళంచెవులూ ఒకే జేబులో ఉన్నాయి. ఫోన్ పిన్ చూసి ఎవరైనా దాన్ని కొట్టేస్తే, చాలావరకు అడ్డంకులు అక్కడితో తొలగినట్టే.

రెండో సమస్య, మనమే గోడకి కన్నం పెట్టడం. 2023 డిసెంబర్ 28న మన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ బైనాన్స్, కూకాయిన్ సహా తొమ్మిది విదేశీ ఎక్స్‌ఛేంజ్‌లకు నోటీసులు ఇచ్చింది. 2024 జనవరిలో యాపిల్, గూగుల్ స్టోర్ల నుంచి వాటి యాప్‌లు మాయమయ్యాయి, వెబ్‌సైట్లూ బ్లాక్ అయ్యాయి. బైనాన్స్, కూకాయిన్ తర్వాత రిజిస్టర్ చేసుకున్నాయి. ఇలా ఒక యాప్ స్టోర్‌లోంచి పోయినప్పుడు "ఏపీకే ఉంటే పంపు బ్రో" అనడం మనకి అలవాటు. టెలిగ్రామ్‌లో దొరికిన ఏపీకే ఒరిజినల్‌దో, ఎవరైనా మార్చిందో కంటితో చూసి చెప్పలేం. అది యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగి, మీరు ఇచ్చారంటే, స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. శాండ్‌బాక్స్ ఉండి లాభం లేదు.

స్టోర్‌లో ఉంటే చాలు సేఫ్ అనుకోవడానికీ లేదు. 2025 ఫిబ్రవరిలో క్యాస్పర్‌స్కీ సంస్థ స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ని బయటపెట్టింది. గూగుల్ ప్లేలోనే కాదు, యాపిల్ యాప్ స్టోర్‌లోని కొన్ని యాప్‌లలో కూడా అది దొరికింది. గ్యాలరీ పర్మిషన్ తీసుకుని, ఫొటోల్లోని అక్షరాలను చదివి, వ్యాలెట్ రికవరీ పదాల కోసం వెతకడం దాని పని. రికవరీ పదాలను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నవాళ్లు ఇప్పుడే వాటిని పేపర్ మీద రాసుకుని, గ్యాలరీలోంచీ ట్రాష్‌లోంచీ క్లౌడ్ బ్యాకప్‌లోంచీ డిలీట్ చేయండి. ఇప్పటికే అలాంటి యాప్‌కి గ్యాలరీ పర్మిషన్ ఇచ్చారన్న అనుమానం ఉంటే డిలీట్ చేస్తే సరిపోదు. కొత్త వ్యాలెట్ తయారుచేసి కాయిన్లు అందులోకి మార్చుకోవాలి.

వెబ్ సెక్యూరిటీ: అడ్రస్ బార్ దగ్గరే సగం యుద్ధం

బ్రౌజర్‌లో ప్రమాదాలు వేరు. గూగుల్‌లో ఎక్స్‌ఛేంజ్ పేరు కొడితే పైన వచ్చే యాడ్ నకిలీ సైట్‌ది కావచ్చు. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరమే తేడా ఉంటుంది, పేజీ అచ్చం అలాగే ఉంటుంది. మీరు పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టగానే అవతలివాళ్లు అదే నిమిషంలో అసలు సైట్‌లో వాడేస్తారు. అథెంటికేటర్ కోడ్ 30 సెకన్లే బతుకుతుంది కానీ వాళ్లకి ఆ 30 సెకన్లు చాలు.

దీనికి మంచి మందు పాస్‌కీ. అది ఏ డొమైన్‌కి తయారైందో ఆ డొమైన్‌లోనే పనిచేస్తుంది. నకిలీ సైట్‌లో మీరు మోసపోయినా పాస్‌కీ మోసపోదు. మీ ఎక్స్‌ఛేంజ్‌లో ఆ ఆప్షన్ ఉంటే వెంటనే ఆన్ చేయండి. లేకపోతే కనీసం సైట్‌ని బుక్‌మార్క్ చేసుకుని, ఎప్పుడూ అక్కడినుంచే వెళ్లండి.

తర్వాతిది ఎక్స్‌టెన్షన్లు. కూపన్లు వెతికేది, డార్క్ మోడ్ ఇచ్చేది ఏదైనా సరే, "అన్ని వెబ్‌సైట్లలో డేటా చదవడం, మార్చడం" అనే పర్మిషన్ ఉంటే ఎక్స్‌ఛేంజ్ పేజీని కూడా అది చదవగలదు, మార్చగలదు. ట్రేడింగ్‌కి ఎక్స్‌టెన్షన్లు లేని బ్రౌజర్ ప్రొఫైల్ ఒకటి విడిగా పెట్టుకోండి. క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ తయారుచేయడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

వెబ్ పేజీలో కనిపించేది నిజమని గుడ్డిగా నమ్మితే ఎంత నష్టమో బైబిట్‌ని చూస్తే అర్థమవుతుంది. 2025 ఫిబ్రవరి 21న ఆ ఎక్స్‌ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోయింది. వాళ్లు వాడిన సేఫ్ అనే వ్యాలెట్ వెబ్ ఇంటర్‌ఫేస్‌లోని జావాస్క్రిప్ట్‌ని దొంగలు మార్చేశారు. స్క్రీన్ మీద మామూలు ట్రాన్స్‌ఫర్ కనిపించింది, అనుభవం ఉన్నవాళ్లే సంతకాలు పెట్టారు, లోపల జరిగింది వేరు. మనం వాడే ల్యాప్‌టాప్‌లో ఇదే పని చిన్న స్థాయిలో క్లిప్‌బోర్డ్ మాల్‌వేర్ చేస్తుంది. మీరు ఒక అడ్రస్ కాపీ చేస్తే, పేస్ట్ అయ్యేది దొంగ అడ్రస్.

మరి ఏది ఎక్కడ?

రెండింట్లో ఒకటే ఎంచుకోవాలన్న రూలేమీ లేదు. పనులు పంచండి. నేను సూచించే పద్ధతి ఇది:

వెబ్‌లో చేయాల్సినవి: చార్ట్ చూడటం, కొనే అమ్మే నిర్ణయం, లిమిట్ ఆర్డర్లు, ట్రేడ్ హిస్టరీ, ట్యాక్స్ లెక్కలు, సెక్యూరిటీ సెట్టింగ్స్.

ఫోన్‌లో చేయాల్సినవి: ధర అలర్ట్‌లు, లాగిన్ అలర్ట్‌లు, వెబ్‌లో మొదలుపెట్టిన పనికి ఆమోదం, తేడా వస్తే అకౌంట్‌ని వెంటనే లాక్ చేయడం. ప్రమోషన్ నోటిఫికేషన్లు మాత్రం ఆఫ్ చేసేయండి.

రెండూ కలిపి చేయాల్సింది: డబ్బు బయటికి పంపడం. అడ్రస్‌ని ఒక స్క్రీన్‌లో చూసి, ఇంకో స్క్రీన్‌లో సరిపోల్చుకోండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలే కాదు, మధ్యలో కూడా చూడండి. విత్‌డ్రా అడ్రస్ వైట్‌లిస్ట్ ఉంటే ఆన్ చేయండి. కొత్త అడ్రస్‌కి ముందు చిన్న మొత్తం పంపి, చేరాకే మిగతాది పంపండి.

ల్యాప్‌టాప్ లేదు, ఉన్నది ఫోనే అంటారా? పర్వాలేదు. యాప్‌లో ప్రో లేదా అడ్వాన్స్‌డ్ మోడ్‌కి మారి, ఆర్డర్ బుక్ చూసి లిమిట్ ఆర్డర్లే పెట్టండి. అథెంటికేటర్‌ని డ్రాయర్‌లో పడి ఉన్న పాత ఫోన్‌లోకి మార్చండి. దానికి సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, టైమ్ కరెక్ట్‌గా ఉంటే చాలు. బ్యాకప్ కోడ్‌లు మాత్రం పేపర్ మీద రాసి పెట్టుకోండి.

రెండూ కాపాడలేనిది

ఇంత చేసినా ఒక రిస్క్ మిగిలే ఉంటుంది. 2024 జూలై 18న వజీర్ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు దొంగతనానికి గురయ్యాయి. విత్‌డ్రాలు ఆగిపోయాయి. యాప్ వాడినవాళ్లు, వెబ్ వాడినవాళ్లు, పాస్‌వర్డ్ పక్కాగా పెట్టుకున్నవాళ్లు అందరూ ఒకే లైన్‌లో నెలల తరబడి ఎదురుచూశారు. ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్నంతకాలం ఆ కాయిన్ల ప్రైవేట్ కీ మీ దగ్గర ఉండదు. స్క్రీన్ మీద కనిపించే బ్యాలెన్స్, వాళ్లు మీకు ఇవ్వాల్సిన బాకీ మాత్రమే.

కాబట్టి ట్రేడ్ చేసే మొత్తమే ఎక్స్‌ఛేంజ్‌లో ఉంచండి. ఎక్కువ కాలం ఉంచాలనుకున్నది సొంత వ్యాలెట్‌లోకి, మొత్తం పెద్దదైతే సొంత స్క్రీన్ ఉన్న హార్డ్‌వేర్ వ్యాలెట్‌లోకి మార్చడం మంచిది. ఎఫ్ఐయూ దగ్గర రిజిస్టర్ కాని ఎక్స్‌ఛేంజ్ జోలికి వెళ్లొద్దు. అయితే రిజిస్ట్రేషన్ ఉంటే డబ్బుకి గ్యారంటీ ఉన్నట్టు కూడా కాదు. అది మనీలాండరింగ్ చట్టానికి సంబంధించింది, బ్యాంక్ డిపాజిట్‌కి ఉన్న ఇన్సూరెన్స్ లాంటిది కాదు.

ఫైనల్‌గా: నిర్ణయాలకు పెద్ద స్క్రీన్, కాపలాకి చిన్న స్క్రీన్. ఈ వీకెండ్ ఒక అరగంట కూర్చుని, మీ ఫోన్ ఇప్పుడే పోయిందనుకోండి. అది దొరికినవాడు మీ ఎక్స్‌ఛేంజ్ అకౌంట్ నుంచి డబ్బు బయటికి పంపగలడా? మీరు వేరే డివైస్ నుంచి అదే అకౌంట్‌లోకి వెళ్లగలరా? మొదటిదానికి "లేదు", రెండోదానికి "అవును" అని వచ్చేదాకా సెట్టింగ్స్ మార్చండి. కొత్త కాయిన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.