భీమాతో మూడు రోజులు

మా నాన్న పోయి ఏడాది దాటింది. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఒక కుక్క కూడా ఉంది. దాని పేరు భీమా. పేరు పెద్దదే గాని కుక్క చిన్నది, మోకాలి ఎత్తు కూడా ఉండదు. పదేళ్ళ కిందట దిక్కులేని జంతువులను చేరదీసే చోటు నుంచి నాన్న దాన్ని తెచ్చుకున్నారు.

మా అమ్మకు కుక్కలంటే భయం. ఎనభై ఏళ్ళు వచ్చినా ఆ భయం పోలేదు. పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా భీమాను ఆమె ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అన్నం గిన్నెను చీపురు కర్రతో దాని దగ్గరకు తోస్తుంది. అయినా జూలైలో బడి సెలవులకు మూడు రోజులు ఎటైనా వెళ్దామని నేను అన్నప్పుడు, ఆమె అడిగిన మొదటి మాట ఇది: "మరి మీ నాన్న కుక్క?"

డబ్బు కడితే కుక్కలను చూసుకునే చోట్లు డర్బన్‌లో ఉన్నాయి, అక్కడ వదులుదాం అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "దాన్ని ఎవరి దగ్గరా వదలొద్దు. మనం వెళ్తే అది కూడా వస్తుంది" అంది. అలా కుక్కలను రానిచ్చే కాటేజీ కోసం నా వెతుకులాట మొదలైంది. నేను నేర్చుకున్నది మీకు కూడా పనికి వస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎక్కడికి వెళ్ళాలి?

డర్బన్ నుంచి వెళ్ళేవాళ్ళకు మిడ్‌లాండ్స్ దగ్గర. మిడ్‌లాండ్స్ అంటే సముద్ర తీరానికీ డ్రాకెన్స్‌బర్గ్ కొండలకూ మధ్య ఉన్న పచ్చిక నేల. అక్కడ పాడి ఆవులు, గొర్రెలు, గుర్రాలు, చెరువులు కనిపిస్తాయి. 1985లో కొందరు కుమ్మరులు, చిత్రకారులు, చేతిపనివాళ్ళు కలిసి అక్కడ "మిడ్‌లాండ్స్ మియాండర్" అనే యాత్రామార్గం మొదలుపెట్టారు. ఆ దారి పొడవునా ఇప్పుడు పొలాల మధ్య ఎన్నో కాటేజీలు ఉన్నాయి. వాటిలో కొన్ని కుక్కలను రానిస్తాయి.

డ్రాకెన్స్‌బర్గ్ మాటే వేరు. ఆ కొండల్లో పెద్ద భాగం రక్షిత వనం. అది 2000లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది. పెంపుడు జంతువులను ఆ వనంలోకి తీసుకెళ్ళనివ్వరు. అక్కడ అడవి జంతువులు ఉంటాయి. కుక్క వాటిని తరమవచ్చు, వాటికి రోగాలు అంటించవచ్చు. అందుకని కుక్కతో వెళ్ళేవాళ్ళు వనం బయట ఉన్న పొలాల్లోనే బస చూసుకోవాలి. బస అంటే రాత్రి ఉండే చోటు. "కొండల దగ్గర" అని రాసి ఉంటే, వనం లోపలా బయటా అని తప్పకుండా అడగండి.

మేము నాటింగమ్ రోడ్ దగ్గర ఒక పొలంలో కాటేజీ తీసుకున్నాం. ఎన్3 రహదారి మీద వెళ్తే డర్బన్ నుంచి రెండు గంటల లోపు ప్రయాణం.

మన పెద్దలు ఇలా వెళ్ళేవారా?

వెళ్ళేవారు కారు. చాలామందికి అంత డబ్బు లేదు. డబ్బున్నా చోటు లేదు. 1953లో వచ్చిన ఒక చట్టం ప్రకారం బీచ్‌లు, పార్కులు, హోటళ్ళు జాతిని బట్టి వేరు చేశారు. ఆ చట్టం 1990లో రద్దయింది. కొండల అవతల ఉన్న ఫ్రీ స్టేట్ సంగతి ఇంకా ఘోరం. 1891 నాటి చట్టం వల్ల భారతీయులు అక్కడ స్థిరపడడానికి వీల్లేకపోయింది. 1980ల మధ్య దాకా అదే పరిస్థితి. నా చిన్నప్పుడు సెలవు అంటే చుట్టాల ఇల్లు, లేదా మనకు కేటాయించిన బీచ్, పెద్ద కుండ నిండా బిర్యానీ.

అంతమాత్రాన పల్లె మనకు కొత్తది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు గిరిమిట్ మీద నాటాల్ వచ్చారు. గిరిమిట్ అంటే ఐదేళ్ళు పని చేస్తామన్న ఒప్పందం. చెరకు తోటల్లోనే కాదు, రైలు దారుల్లో, బొగ్గు గనుల్లో, టీ తోటల్లో కూడా వాళ్ళు పని చేశారు. పల్లె మనకు తెలుసు, కాని అక్కడ మన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు ఉండేది. ఊరికే కూర్చుని పచ్చిక చూడడం మనకు కొత్త.

ఫోన్‌లో ఏమి అడగాలి?

"కుక్కలకు స్వాగతం" అన్న మాట ఒక్కటే, దాని అర్థాలు మాత్రం చాలా. నేను మొదట మాట్లాడిన ఒక చోట కుక్క రావచ్చు గాని రాత్రి బయటే పడుకోవాలన్నారు. జూలైలో మిడ్‌లాండ్స్ రాత్రి అంటే తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. పదేళ్ళ కుక్క ఆ చలికి తట్టుకోలేదు. ఇంకొక చోట అన్నీ బాగున్నాయి, కాని చుట్టూ కంచె లేదు. అందుకని నేను ఒక చీటీ మీద ప్రశ్నలు రాసుకున్నాను.

మొదటి ప్రశ్న: కంచె ఉందా, ఎంత ఎత్తు, కింద సందులు ఉన్నాయా? రెండోది: కుక్క ఇంట్లో పడుకోవచ్చా? మూడోది: పొలంలో గొర్రెలు, కోళ్ళు ఉన్నాయా? నాలుగోది: యజమాని కుక్కలు వదులుగా తిరుగుతాయా? ఐదోది: కుక్కకు వేరే డబ్బు కట్టాలా? ఆరోది: దగ్గరలో పశువైద్యుడు ఎంత దూరంలో ఉన్నారు?

గొర్రెల ప్రశ్న చిన్నది కాదు. ఇంట్లో ఎంతో మంచిగా ఉండే కుక్క కూడా, గొర్రె పరుగెత్తితే వెంటపడుతుంది. కరవకపోయినా సరే, భయంతో పరుగెత్తి గొర్రెలు కంచెలో చిక్కుకుంటాయి, కడుపుతో ఉన్నవి పిల్లలను పోగొట్టుకుంటాయి. రైతుకు అది బతుకుతెరువు. కాబట్టి పశువులు కనిపించే చోట తాడు విప్పకండి.

సంచిలో ఏమి పెట్టాలి?

అన్నిటికన్నా ముందు టీకా కార్డు. మన క్వాజులు నాటాల్‌లో రేబీస్ ఇంకా ఉంది. కుక్కలకు ఆ టీకా వేయించడం ఈ దేశంలో చట్టం. కార్డు చూపించమని అడిగే యజమాని మీకు చిరాకు తెప్పించవచ్చు గాని, నిజానికి అది మంచి చోటు.

రెండోది పిడుదుల మందు. పిడుదులు అంటే గడ్డిలో ఉండి, జంతువుల ఒంటికి పట్టుకుని రక్తం తాగే చిన్న పురుగులు. వాటి వల్ల కుక్కలకు బిలియరీ అనే జ్వరం వస్తుంది. తిరిగి వచ్చాక కుక్క తిండి మానేసినా, చిగుళ్ళు పాలిపోయినా, ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. రేపు చూద్దాం అనుకోకండి. వేసవిలో పిడుదులు ఎక్కువ. పాములు కూడా అప్పుడే ఎక్కువ తిరుగుతాయి. వేసవి సాయంత్రాల్లో ఉరుములతో వాన వస్తుంది. ఉరుముకు బెదిరి పారిపోయిన కుక్క తెలియని చోట దారి తప్పుతుంది. అందుకని మెడపట్టీకి మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ తగిలించండి.

మూడోది దాని తిండి, దాని దుప్పటి. మన కూర మిగిలిందని కుక్కకు పెట్టకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. ఉల్లిపాయ లేని కూర మన ఇళ్ళల్లో ఎక్కడుంది? మా అమ్మ ప్రయాణానికి పులిహోర, బీన్స్ కూర, రొట్టెలు కట్టింది. భీమాకు వేరే డబ్బాలో ఉప్పు లేని అన్నం, ఉడికించిన కోడిమాంసం పెట్టింది. ఎముకలన్నీ తీసేసింది. ఉడికిన ఎముక విరిగి గొంతులో గుచ్చుకుంటుందని నాన్న చెప్పేవారట.

గేటు దగ్గర

మొదటి రోజు బాగా గడిచింది. దారిలో హోవిక్ జలపాతం చూశాం. దాని ఎత్తు 95 మీటర్లు. అమ్మ చూస్తుంటే నేను కారు దగ్గర భీమాతో ఉన్నాను, తర్వాత మా తమ్ముడు ఉన్నాడు. కుక్కతో ప్రయాణం అంటే ఇలా వంతులు వేసుకోవడమే. ఎండ ఉన్నా లేకపోయినా కుక్కను మూసిన కారులో ఒంటరిగా వదలకూడదు.

రెండో రోజు ఉదయం కాటేజీ శుభ్రం చేయడానికి ఒక జూలూ ఆవిడ వచ్చింది. ఆమెకు యాభై ఏళ్ళు ఉంటాయి, దాదాపు నా వయసే. భీమా మొరుగుతూ గేటు దాకా పరుగెత్తింది. కుక్కలున్న వాళ్ళందరూ అనే మాటే నేనూ అన్నాను: "ఏమీ చెయ్యదు, లోపలికి రండి!" ఆమె కదలలేదు. బకెట్‌ను రెండు చేతులతో కాళ్ళకు అడ్డంగా పట్టుకుని నిలబడింది. ముఖంలో చిరునవ్వు ఉంది. అది నిజమైన నవ్వేనని నేను అనుకున్నాను.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "కుక్కను కట్టు. ముందు కట్టు, తర్వాత మాట్లాడు."

నేను భీమాకు తాడు వేశాను. అమ్మ చేతికర్ర పట్టుకుని గేటు దాకా నడిచి, జూలూలో పలకరించింది. అమ్మకు జూలూ బాగా వచ్చు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. "ఇంజ" అన్న మాట చాలాసార్లు వినిపించింది. జూలూలో ఇంజ అంటే కుక్క. దాదాపు ప్రతి వారం ఎవరో ఒకరు కుక్కతో వస్తారట. కుక్క ఏమీ చెయ్యదని అందరూ చెప్తారట. నీకు భయమా అని మాత్రం ఎవరూ అడగలేదట.

తర్వాత వరండాలో కూర్చుని అమ్మ నాకు ఒక సంగతి చెప్పింది. యాభై ఏళ్ళు దాటిన నేను దాన్ని మొదటిసారి విన్నాను. 1950లలో అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాళ్ళ అవ్వ కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని తెల్లవాళ్ళ ఇళ్ళకు అమ్మడానికి వెళ్ళేది. అమ్మ కొత్తిమీర కట్టలు పట్టుకుని వెనక నడిచేది. గేట్ల మీద "పాసోప్" అని రాసి ఉండేది. జాగ్రత్త అని దాని అర్థం. ఒక ఇంట్లో కుక్క వచ్చి అమ్మ పిక్క పట్టుకుంది. "ఆ దొరసాని కుక్కను లోపలికి పిలిచింది. ఏమీ చెయ్యదు అనే అంది నాతో కూడా" అని అమ్మ చెప్పింది. ఆ తర్వాత అవ్వ కొత్తిమీర ఏరుకుని, మర్నాడు మళ్ళీ అదే వీధికి వెళ్ళిందట. వెళ్ళకపోతే ఎలా?

నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. ఆ ఉదయం గేటుకు ఏ వైపు నిలబడి ఉన్నానో నాకు తెలియలేదు, అమ్మ చెప్పేదాకా.

ఈ దేశంలో కుక్క అంటే అందరికీ ఒకే జ్ఞాపకం కాదు. పొలాల్లో, వీధుల్లో, ఊరేగింపుల్లో మనుషుల మీదికి కుక్కలను ఉసిగొల్పిన రోజులు చాలామందికి గుర్తున్నాయి. అందుకని నా చీటీలో ఏడో ప్రశ్న చేర్చాను: శుభ్రం చేయడానికి ఎవరు, ఎన్ని గంటలకు వస్తారు? ఆ సమయానికి కుక్కను కట్టేయండి, లేదా నడకకు తీసుకెళ్ళండి. పొలం పనివాళ్ళ ఇళ్ళ ముందు నుంచి నడిచేటప్పుడు తాడు చిన్నదిగా పట్టుకోండి. పిల్లలు కనిపిస్తే ఆగి, వాళ్ళను ముందు వెళ్ళనివ్వండి. "ఏమీ చెయ్యదు" అన్న మాట మనకు నిజం కావచ్చు. ఎదుటి మనిషికి ఆ సంగతి తెలియదు.

ఆ రోజు పని అయ్యాక ఆవిడ మాతో టీ తాగింది. నేను లోపల టీ పెట్టాలి, తమ్ముడు కట్టెలు తేవడానికి వెళ్ళాడు, భీమా తాడు ఎవరో ఒకరు పట్టుకోవాలి. అమ్మ పట్టుకుంది. చేతిని దూరంగా చాచి, వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకుంది. భీమా ఒకసారి అమ్మ వైపు చూసి, ఎండలో పడుకుంది.

అమ్మ ఇప్పటికీ దాన్ని ముట్టుకోలేదు. గిన్నె తోసే చీపురు కర్ర కూడా అలాగే ఉంది. కాని మొన్న డిసెంబరు సెలవుల మాట వచ్చినప్పుడు, "కంచె ఉన్న చోటే చూడు" అని తనే గుర్తు చేసింది.