ఒక్కపొద్దు వేరు, ఒంటిపూట భోజనం వేరు

రోజుకు ఒక్కసారి మాత్రమే భోజనం చేసి, తక్కిన ఇరవైరెండు గంటలు మంచినీళ్ళతోనూ పాలు కలపని కాఫీతోనూ గడిపే పద్ధతి గురించి ఈమధ్య రాబర్ట్‌సన్‌పేటలోనూ ఆండర్సన్‌పేటలోనూ తరచుగా వింటున్నాము. దీనివల్ల బరువు తగ్గుతుందని, చక్కెర వ్యాధి అదుపులోనికి వస్తుందని చెప్పుకుంటున్నారు. మన పెద్దలు పాటించినదే కదా అని సమర్థించేవారూ ఉన్నారు. ఆ సమర్థనను ముందుగా పరిశీలించడం అవసరం.

శనివారాలలోను, కార్తీకమాసంలోను ఒక్కపొద్దు ఉండడం తెలుగు ఇళ్ళలో పాత ఆచారం. కన్నడంలో దీనిని ‘ఒప్పొత్తు’ అంటారు, తమిళంలో ‘ఒరుపొళుదు’ అంటారు. మూడు భాషలలోనూ ఇంత దగ్గరగా ఉండే మాటలు అనువాదకులకు ఎప్పుడో గాని దొరకవు. అయితే ఒక్కపొద్దు అంటే అన్నం ఒక్కపూట అని మాత్రమే అర్థం. రెండవపూట ఉప్మాయో, ఇడ్లీయో, పాలూ పండ్లో తీసుకోవడం చాలా ఇళ్ళలో వాడుక. పైగా అది వారానికి ఒకనాడో, ఏడాదికి ఒక నెలో పాటించే నియమం. నేటి పద్ధతిలో ఫలహారానికి చోటు లేదు, నియమానికి ముగింపు లేదు. కనుక రెండింటినీ ఒకటిగా చూడడం సరికాదు.

బరువు తగ్గుతుందా అంటే, తగ్గవచ్చు. మొదటి వారంలో తగ్గేదానిలో ఎక్కువ భాగం నీరే. శరీరం నిల్వ ఉంచుకున్న పిండిపదార్థం ఖర్చవుతున్నప్పుడు దానితోపాటు చేరి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ తరువాత తగ్గేది, మొత్తం మీద తక్కువ తిన్నందువల్లనే. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిపిన పరిశోధన 2022లో వెలువడింది. అందరికీ ఆహారం తగ్గించి, వారిలో ఒక వర్గం ఎనిమిది గంటల వ్యవధిలోనే తినాలని నియమం పెట్టారు. ఆ వర్గంవారు సగటున 8 కిలోలు, వేళల నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంక రీత్యా లెక్కలోనికి తీసుకోదగినది కాదని పరిశోధకులు తేల్చారు.

మన ఊరివారు ప్రత్యేకంగా గమనించవలసినది 2007లో అమెరికాలో వెలువడిన మరొక పరిశోధన. ఆరోగ్యవంతులైన నడివయస్కులు ఎనిమిది వారాలు మూడు పూటలా తిని, మరో ఎనిమిది వారాలు అంతే ఆహారాన్ని సాయంత్రం ఒక్కపూటలోనే తిన్నారు. ఒక్కపూట తిన్నప్పుడు కొవ్వు కొంత తగ్గింది. కాని రక్తపోటు, కొలెస్టరాల్ పెరిగాయి, ఉదయపు చక్కెర కూడా ఎక్కువగా కనిపించింది. పాల్గొన్నవారు కొద్దిమందే కాబట్టి దీనినే కడపటి మాటగా తీసుకోనక్కరలేదు. అయినా రాత్రిపూట ఒక్కసారే కడుపునిండా తినడం అందరికీ మేలు చేస్తుందనుకోవడానికి వీలులేదని దీనివల్ల తెలుస్తున్నది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఎన్నో కుటుంబాలకు బెంగళూరే జీవనాధారమైనది. తెల్లవారకముందే మారికుప్పంలోనో బంగారుపేటలోనో రైలెక్కి, చీకటిపడ్డాక ఇల్లు చేరేవారిలో చాలామందికి రాత్రి తినే సంగటే అసలైన భోజనం. ఏ నియమమూ పెట్టుకోకుండానే వారు ఒంటిపూటవారు. తిన్న గంటకే నిద్ర. మధ్యాహ్నం బన్ను, బోండా, నాలుగుసార్లు చక్కెర కాఫీ తీసుకున్నా, అన్నం కాదు గనుక వాటిని లెక్కలో చేర్చరు.

ఒక్కపూటలో పోషణ ఎంత సరిపోతుందో లెక్కవేసి చూడండి. జాతీయ పోషకాహార సంస్థ ప్రమాణం ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. రెండు పెద్ద ముద్దలకు పట్టే 200 గ్రాముల రాగిపిండిలో సుమారు 14, అనపగింజలో కందిపప్పో 50 గ్రాములు వేస్తే 12, ఒక గుడ్డులో 6, కప్పు పెరుగులో 3. మొత్తం 35 దాటదు. రాగిలో సున్నం పుష్కలంగా ఉన్నమాట నిజమే, కాని ఈ లోటును అది పూడ్చలేదు. లోటు నెలల తరబడి కొనసాగితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చక్కెర మాత్రలు వేసుకునేవారికి. చీటీ మీద ‘ఊటక్కె ముంచె’ అని ఉంటుంది. దానిని ‘భోజనానికి ముందు’ అని తెలుగు చేస్తాము. రాసినవారి ఉద్దేశం ఉదయపు ఆహారం. మన ఇళ్ళలో టిఫిన్‌ను భోజనమనరు. మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉదయం మాత్ర వేసుకొని, భోజనం రాత్రికే కదా అని ఖాళీ కడుపుతో బయలుదేరి, ప్లాట్‌ఫారం మీద పడిపోయారు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మందులు, ఇన్సులిన్ తీసుకొని తినకుండా ఉంటే రక్తంలో చక్కెర 70 కన్న తక్కువకు పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. కాని ఒకే మాత్రలో దానితో గ్లిమిపిరైడ్ కలిసి ఉండడం సర్వసాధారణం, కాబట్టి అట్టమీది పేరు చదవాలి.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపించగానే మూడు చెంచాల చక్కెరను నీళ్ళలో కలిపి త్రాగించాలి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి, తేరుకున్నాక ఆహారం పెట్టాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. వెంటనే 108కి, రైలులో ఉంటే 139కి ఫోన్ చేయాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, కడుపులో పుండు ఉన్నవారు ఈ పద్ధతి జోలికి పోరాదు. గని ధూళివల్ల సిలికోసిస్ వచ్చిన విశ్రాంత కార్మికులకు క్షయ సోకే అవకాశం ఎక్కువ. పోషణ తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. వారు బరువు తగ్గుతుంటే సంతోషించక, కఫపరీక్ష చేయించుకోవాలి.

బరువు తగ్గవలసినవారికి రెండుపూటల పద్ధతి ఇంతకన్న సులువు. ఉదయం పెందలాడే సంగటి, సాయంత్రం చీకటిపడకముందే చపాతీయో అన్నమో పప్పుతో తినవచ్చు. రైలు ప్రయాణికులు రెండవపూటను డబ్బాలో తీసుకొని వెళ్ళి, తిరుగు రైలెక్కకముందే తినడం మంచిది. ముప్పై ఏళ్ళు నిండిన ప్రతివారికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితం. ఆహార వేళలు మార్చదలచుకుంటే, మాత్రలను సొంతంగా ఆపకుండా, అట్టలతో సహా వెంట తీసుకువెళ్ళి వైద్యునికి చూపించండి. కన్నడం ఇంకా అలవాటు కానివారు ఇలా అడగవచ్చు: ‘నాను దినక్కె ఒందే హొత్తు ఊట మాడుత్తేనె. ఈ మాత్రె యావాగ తగొళ్ళబేకు?’ నేను రోజుకు ఒక్కపూటే తింటాను, ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అని దీని అర్థం.